రెండు గంటల్లో 900 రిమైండర్ కాల్స్: ఆస్టరిస్క్‌ను అసింక్ లైబ్రరీతో నడిపిన కేస్ స్టడీ

మధ్యస్థాయి ఆసుపత్రి ఒకటి. మర్నాడు అపాయింట్‌మెంట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ముందురోజు సాయంత్రం 5 నుంచి 7 లోపు ఫోన్ వెళ్లాలి. వస్తానంటే 1, వేరే రోజుకు మార్చుకోవాలంటే 2, రిసెప్షన్‌తో మాట్లాడాలంటే 3 నొక్కాలి. రోజుకు సుమారు 900 నంబర్లు. బయటికి పోయే దారి ఒకే ఒక్క ఈ1 పీఆర్ఐ లైను (ఒకే తీగ మీద ఎన్నో కాల్స్ మోసే డిజిటల్ ఫోన్ లైను). అంటే 32 టైమ్‌స్లాట్లు: 0వది సింక్‌కు, 16వది సిగ్నలింగ్‌కు పోగా మాటలకు మిగిలేవి 30. పేషెంట్లు ఆసుపత్రికి చేసే కాల్స్ కూడా ఈ 30 మీదే రావాలి. అందువల్ల ఇది ఎన్ని కాల్స్ వేగంగా చేయగలమన్న సమస్య కాదు. ప్రతి క్షణం లైన్ మీద ఏం జరుగుతోందో కచ్చితంగా తెలుసుకోవాల్సిన సమస్య.

పాత పద్ధతి ఎక్కడ దెబ్బతింది

మొదట్లో వాడినది కాల్ ఫైళ్లు. ఆస్టరిస్క్ అంటే కంప్యూటర్ మీద నడిచే ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్. దాని అవుట్‌గోయింగ్ స్పూల్ ఫోల్డర్‌లో ఫైలు పడేస్తే కాల్ వెళ్తుంది. పది ఇరవై కాల్స్‌కు దీనికి మించిన సులువైన దారి లేదు. కానీ సాయంత్రం 5 కొట్టగానే 900 ఫైళ్లూ ఒకేసారి ఆ ఫోల్డర్‌లోకి వచ్చేవి. 30 ఛానెళ్లు నిండిపోయేవి, మిగతావి ఛానెల్ ఖాళీ లేక పడిపోయేవి. రీట్రై టైమ్ డిఫాల్ట్‌గా 300 సెకన్లు కాబట్టి, అయిదు నిమిషాలకు అవన్నీ మళ్లీ గుంపుగా లేచేవి. ఆ మధ్యలో బయటినుంచి ఆసుపత్రికి చేసినవాళ్లకు ఎంగేజ్ టోన్. ఎవరు ఎత్తారు, ఎవరు ఎత్తలేదు అన్నది తెలియాలంటే తర్వాత సీడీఆర్ (కాల్ రికార్డుల చిట్టా) తవ్వుకోవాలి.

రెండో ప్రయత్నం పైథాన్ స్క్రిప్టు. ఆస్టరిస్క్ మేనేజర్ ఇంటర్‌ఫేస్, అంటే ఏఎంఐ, 5038 పోర్టు మీద తెరుచుకుని, కాల్ మొదలుపెట్టే ఆరిజినేట్ ఆజ్ఞ పంపేది. అసింక్ అనే హెడర్ పెట్టలేదు. అది లేకపోతే అవతలి వ్యక్తి ఎత్తేదాకా, లేదా టైమౌట్ అయ్యేదాకా ఆ కనెక్షన్‌లో తర్వాతి ఆజ్ఞ కదలదు. ఒక్కో కాల్‌కు 30 సెకన్లు వేసుకున్నా 900 కాల్స్‌కు ఏడున్నర గంటలు. ఆరు థ్రెడ్లు, ఆరు కనెక్షన్లు పెడితే సమయం తగ్గింది కానీ, ఆ ఆరింటికీ లైన్ మొత్తం మీద ఉమ్మడి లెక్క లేదు.

కొత్తగా రాసినది పైథాన్ అసింక్ఐఓ (ఒకదాని కోసం ఆగకుండా ఎన్నో పనులను కలిపి నడిపే వసతి) మీద పలుచని లైబ్రరీ. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ట్విస్టెడ్ మీద నడిచే స్టార్‌పై చాలాకాలం క్రితమే ఏఎంఐనీ ఫాస్ట్ఏజీఐనీ (నడుస్తున్న కాల్‌ను బయటి ప్రోగ్రాం చేతికిచ్చే దారి) డిఫర్డ్‌లతో కలిపింది, అసింక్ఐఓ మీద అదే పని పానొరామిస్క్ చేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పానొరామిస్క్‌తో మొదలుపెట్టడమే మంచిది. ఇక్కడ సొంతంగా రాయడానికి కారణం ఒక్కటే: కనెక్షన్ తెగినప్పుడు మధ్యలో ఉన్న కాల్స్‌ను ఏం చేయాలన్న నిర్ణయం లైబ్రరీ లోపలే, మన చేతిలో ఉండాలి. ఆ నిర్ణయం తప్పితే ఒకే పేషెంటుకు రెండుసార్లు ఫోన్ వెళ్తుంది.

ఆస్టరిస్క్‌లోని మరో ఇంటర్‌ఫేస్ ఏఆర్ఐ ఎందుకు కాదు? అందులో ఛానెల్ స్టాసిస్ అప్లికేషన్ చేతిలోకి వచ్చాక ప్రతి అడుగూ మన ప్రోగ్రామే చెప్పాలి. ప్రోగ్రాం పడిపోతే పేషెంటు నిశ్శబ్దం వింటూ ఉండిపోతాడు. ఏఎంఐతో కాల్ ఎత్తించి మిగతాది డయల్‌ప్లాన్‌కు (కాల్‌లో ఏ అడుగు తర్వాత ఏదో ఆస్టరిస్క్‌లోనే రాసిపెట్టిన వరుసకు) అప్పగిస్తే, మన ప్రోగ్రాం చచ్చినా డయల్‌ప్లాన్ కాల్‌ను పద్ధతిగా ముగిస్తుంది. కాన్ఫరెన్సులు, బ్రిడ్జిలు కలపాల్సిన పని ఉంటే మాత్రం ఏఆర్ఐయే దారి.

తీగ మీద వచ్చేది

ఏఎంఐ సందేశం అంటే పేరు, కోలన్, విలువ ఉన్న వరుసలు. ఖాళీ వరుస వస్తే సందేశం అయిపోయినట్టు. చూడ్డానికి ఇంతే. కానీ చదివే కోడ్‌లో జారిపోయే చోట్లు నాలుగు ఉన్నాయి.

కనెక్ట్ కాగానే ఆస్టరిస్క్ ఒక బ్యానర్ వరుస పంపుతుంది. దాని తర్వాత ఖాళీ వరుస ఉండదు. మొదటినుంచీ ఖాళీ వరుసదాకా చదివే పద్ధతి పెడితే బ్యానర్ లాగిన్ జవాబుకు అతుక్కుంటుంది, కోలన్ లేని ఆ వరుస దగ్గర పార్సర్ పడిపోతుంది. మొదట ఒక్క వరుస విడిగా చదివి, తర్వాతే సందేశాల లూప్‌లోకి వెళ్లాలి.

ఒకే పేరుతో వరుసలు పదేపదే రావచ్చు. కమాండ్ ఆజ్ఞకు ఆస్టరిస్క్ 14 నుంచి అవుట్‌పుట్ అనే పేరుతో ఎన్నో వరుసలు వస్తాయి. మామూలు డిక్షనరీలో పెడితే చివరిదే మిగులుతుంది, కాబట్టి విలువలను జాబితాగా దాచాలి. అసింక్ఐఓ రీడర్ పరిమితి డిఫాల్ట్‌గా 64 కిలోబైట్లు. పెద్ద కమాండ్ అవుట్‌పుట్ అడిగే అలవాటుంటే దాన్ని ముందే పెంచాలి.

నాలుగోది భద్రత. నంబరులోనో పేరులోనో క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ ఉంటే అది మన ఆజ్ఞలోకి కొత్త హెడర్‌గా దూరిపోతుంది. పేషెంట్ల పట్టిక ఎక్సెల్ నుంచి వచ్చేచోట ఇది కాకతాళీయంగానే జరుగుతుంది, దురుద్దేశం అక్కర్లేదు. పంపే ప్రతి విలువలో ఆ రెండు అక్షరాలుంటే ఆజ్ఞను తిరస్కరించాలి. తీసేసి పంపడం కాదు, తిరస్కరించాలి. పేషెంటు పేరు అసలు ఆస్టరిస్క్‌కు పంపలేదు, అపాయింట్‌మెంట్ సంఖ్య ఒక్కటే వేరియబుల్‌గా వెళ్తుంది.

మేనేజర్ కాన్ఫిగ్‌లో ఈ యూజర్‌కు రాసే హక్కులు ఆరిజినేట్, రిపోర్టింగ్, సిస్టమ్ అన్నీ కలిపి ఇచ్చేయడం మామూలుగా కనిపించే అలవాటు. సిస్టమ్, కమాండ్ హక్కులు ఇస్తే ఏఎంఐ పాస్‌వర్డ్ దొరికినవాడికి సర్వర్ కూడా దొరికినట్టే. కావలసిన ఆజ్ఞలకు సరిపడా ఇచ్చి, వినే చిరునామాను 127.0.0.1కు కట్టేయాలి. చదివే హక్కుల్లో మాత్రం కాల్‌తోపాటు సిస్టమ్ ఉండాలి. ఆస్టరిస్క్ పూర్తిగా లేచిందని చెప్పే ఫుల్లీబూటెడ్ ఈవెంట్ దాని కిందే వస్తుంది, అది వచ్చేదాకా ఒక్క ఆరిజినేట్ కూడా పంపకూడదు. అక్కర్లేని ఈవెంట్లను ఈవెంట్‌ఫిల్టర్‌తో అక్కడే ఆపేయాలి. న్యూఎక్స్‌టెన్, వార్‌సెట్ లాంటివి, డయల్‌ప్లాన్ చదివే హక్కు కూడా ఇచ్చి ఉంటే, ఒక్క కాల్‌కే డజన్లకొద్దీ వస్తాయి, ఈ పనికి వాటితో ఉపయోగం లేదు.

జవాబు వేరు, జరిగింది వేరు

లైబ్రరీ అంతా నిలబడింది ఈ ఒక్క తేడా మీదే. ఆరిజినేట్‌కు అసింక్ పెట్టి పంపితే వెంటనే సక్సెస్ అని జవాబు వస్తుంది. దాని అర్థం ఆజ్ఞ క్యూలో పడిందని మాత్రమే. ఫోన్ మోగిందని కాదు, నంబరు సరైనదని కూడా కాదు. కాల్ గతి తేలేది తర్వాత వచ్చే ఆరిజినేట్‌రెస్పాన్స్, హ్యాంగప్ ఈవెంట్లతో. ఈ రెంటినీ ఒకే ఫ్యూచర్‌లో (తర్వాత రాబోయే ఫలితానికి ముందే పెట్టుకున్న చోటు) కలిపేసిన కోడ్ టెస్టులో బ్రహ్మాండంగా నడుస్తుంది, లైన్ రద్దీగా ఉన్న రోజున తప్పుతుంది.

అందుకే రెండు పట్టికలు. మొదటిది ఆజ్ఞల పట్టిక: యాక్షన్‌ఐడీకి (ఆజ్ఞకు మనం పెట్టే గుర్తింపు) ఒక ఫ్యూచర్, 5 సెకన్ల గడువు. రెండోది కాల్స్ పట్టిక: ఛానెల్ ఐడీకి ఒక కాల్ ఆబ్జెక్టు, దానికి సొంత క్యూ. ఆస్టరిస్క్ 12 నుంచి ఆరిజినేట్‌లో ఛానెల్‌ఐడీ అనే హెడర్‌తో ఛానెల్‌కు మనమే గుర్తింపు ఇవ్వొచ్చు. ఇది చాలా విలువైన సౌకర్యం. ఇది లేకపోతే, కాల్ విఫలమైనప్పుడు ఆరిజినేట్‌రెస్పాన్స్‌లో యూనిక్‌ఐడీ గడిలో నల్ అనే మాట వస్తుంది, ఏ ఛానెల్ విఫలమైందో హ్యాంగప్‌తో జతచేసుకోవడానికి ఆధారం ఉండదు. మన గుర్తింపు అపాయింట్‌మెంట్ సంఖ్య, ప్రయత్న సంఖ్య, తేదీ కలిపి చేసినది. ఒకే గుర్తింపుతో రెండో ఛానెల్‌ను ఆస్టరిస్క్ ఒప్పుకోదు, కాబట్టి కాల్ ఇంకా నడుస్తుండగా పొరపాటున అదే ప్రయత్నాన్ని మళ్లీ పంపినా రెండోది తనంతట తనే ఆగిపోతుంది.

కాల్ ఆబ్జెక్టును పట్టికలో పెట్టాకే ఆజ్ఞ రాయాలి. ముందు రాసి, జవాబు వచ్చాక పెడదామనుకుంటే, జవాబుకన్నా ముందే న్యూఛానెల్ ఈవెంట్ వచ్చి తనకు చోటు లేక పోతుంది.

ఈవెంట్ల వరుస మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఆరిజినేట్‌రెస్పాన్స్ ఒక థ్రెడ్ నుంచి, హ్యాంగప్ ఇంకో థ్రెడ్ నుంచి వస్తాయి. ఎత్తి వెంటనే పెట్టేసిన కాల్‌కు హ్యాంగప్ ముందు, ఎత్తారన్న కబురు తర్వాత రావచ్చు. కాల్ ముగిసిందని తేల్చే నియమం కాబట్టి ఇలా ఉంది: హ్యాంగప్ వస్తే ముగిసినట్టే, కానీ ఆరిజినేట్‌రెస్పాన్స్ కోసం ఇంకో 2 సెకన్లు చూడాలి. ఆరిజినేట్‌రెస్పాన్స్ ఫెయిల్యూర్ అని వచ్చి, అప్పటిదాకా న్యూఛానెల్ రాకపోతే, హ్యాంగప్ ఇక ఎప్పటికీ రాదు. లైన్ మీద ఛానెల్ ఖాళీ లేనప్పుడు జరిగేది ఇదే: ఛానెల్ పుట్టనే లేదు కాబట్టి చావు కబురూ ఉండదు. హ్యాంగప్ కోసమే ఎదురుచూసే కోడ్ సరిగ్గా ఇలాంటి కాల్స్ దగ్గరే ఇరుక్కుపోతుంది.

టైమౌట్ మిల్లీసెకన్లలో ఇవ్వాలి. 30 అని రాస్తే 30 మిల్లీసెకన్లకే కాల్ ఆగిపోతుంది, లాగ్‌లో మాత్రం ఎవరూ ఎత్తలేదన్నట్టు కనిపిస్తుంది. మన దగ్గర మొబైల్ రింగ్ 30 సెకన్లని ట్రాయ్ 2019లో నిర్ణయించింది. రింగ్ మొదలయ్యేముందు నెట్‌వర్క్ నంబరును వెతకడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అందుకని 45000 పెట్టాం.

గేటు

30లో 10 ఛానెళ్లు లోపలికొచ్చే కాల్స్‌కు వదిలేసి, 20 బయటికి. ఒక్కో కాల్ రింగ్‌తో కలిపి సగటున 45 సెకన్లు అనుకుంటే, 20 ఛానెళ్ల మీద గంటకు 1600 దాకా వెళ్తాయి. 900 మొదటి ప్రయత్నాలు, వాటి మళ్లీ ప్రయత్నాలు కలిపి రెండు గంటల్లో హాయిగా సరిపోతుంది. పైగా ఆరిజినేట్‌కూ ఆరిజినేట్‌కూ మధ్య 2 సెకన్ల ఎడం. ఒకేసారి 20 సెటప్‌లు గుప్పిస్తే నెట్‌వర్క్ వైపునుంచి 42 కోడ్‌తో తిరస్కారాలు వస్తాయి.

ఈ 20ని కాపాడేది సెమాఫోర్, అంటే ఒకేసారి ఇన్నే లోపల ఉండనిచ్చే లెక్క. దాన్ని వదలాల్సింది ఎప్పుడన్నదే ప్రశ్న. ఆరిజినేట్‌రెస్పాన్స్ రాగానే వదిలితే, ఎత్తినవాళ్లు ఇంకా వింటూనే ఉంటారు, గేటు మాత్రం కొత్తవాళ్లను లోపలికి పంపుతుంది. పది నిమిషాల్లో 30 ఛానెళ్లూ నిండి, రిసెప్షన్‌కు కాల్స్ రావు. వదలాల్సింది కాల్ ముగిసినప్పుడే. ప్రతి కాల్‌కూ ఒకే టాస్క్, ఆ టాస్క్ మొత్తం సెమాఫోర్ బ్లాక్ లోపలే ఉండాలి. వదలడం ఒకే చోట జరగాలి. ఈవెంట్ హ్యాండ్లర్ ఒకచోట, టైమౌట్ హ్యాండ్లర్ ఇంకోచోట వదిలితే లెక్క 20 దాటి మెల్లగా పెరుగుతుంది. మామూలు సెమాఫోర్ దీన్ని నోరు మూసుకుని ఒప్పుకుంటుంది. బౌండెడ్ సెమాఫోర్ ఎర్రర్ ఇస్తుంది, అందుకే అదే వాడాలి.

టాస్క్‌లను సృష్టించి వదిలేయకూడదు. ఈవెంట్ లూప్ వాటిని బలహీనమైన రిఫరెన్సుతోనే పట్టుకుంటుంది; మనం ఒక సెట్‌లో దాచుకోకపోతే గార్బేజ్ కలెక్టర్ నడుస్తున్న టాస్క్‌నే ఊడ్చేయొచ్చు. పైథాన్ 3.11 నుంచి టాస్క్‌గ్రూప్ ఉంది కాబట్టి ఆ బాధ అక్కర్లేదు. కాకపోతే గ్రూపులో ఒక టాస్క్ ఎర్రర్‌తో పడితే మిగతావన్నీ రద్దవుతాయి. ఒక పేషెంటు నంబరు తప్పుగా ఉందని 19 మంది కాల్స్ మీద పట్టు పోకూడదు. కాబట్టి ప్రతి కాల్ టాస్క్ తన ఎర్రర్లను తనలోనే పట్టుకుని ఫలితంగా రాయాలి.

డాహ్డీ (ఆస్టరిస్క్‌ను లైన్ కార్డుతో కలిపే డ్రైవర్) గ్రూపును చిన్న జీతో రాస్తే ఛానెళ్లు కిందినుంచి పైకి, పెద్ద జీతో రాస్తే పైనుంచి కిందికి ఎంచుకుంటుంది. ఎక్స్ఛేంజి లోపలికొచ్చే కాల్స్‌ను కిందినుంచి ఇస్తుంటే, మనం పైనుంచి తీసుకోవాలి. ఇద్దరూ ఒకే ఛానెల్ మీద ఒకే క్షణంలో చెయ్యి వేస్తే 44 కోడ్‌తో కాల్ పోతుంది. ఒక అక్షరం మార్పు, ఖర్చు సున్నా.

లూప్ ఆగితే లైన్ తెగుతుంది

అసింక్ కోడ్‌లో ఒక్క నెమ్మది ఫంక్షన్ అందరినీ ఆపేస్తుందని పుస్తకాల్లో చదువుతాం. ఇక్కడ దాని ఫలితం ఇంకా కఠినం. హ్యాంగప్ హ్యాండ్లర్‌లో మామూలు డేటాబేస్ డ్రైవర్‌తో ఒక ఇన్‌సర్ట్ ఉందనుకోండి. రోజూ కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. బ్యాకప్ నడుస్తున్నప్పుడు అదే ఇన్‌సర్ట్ సెకన్లు పడుతుంది. ఆ సెకన్లలో సాకెట్‌ను చదివేవాళ్లు లేరు, బఫర్లు నిండుతాయి. ఆస్టరిస్క్ తన రాత గడువు దాటగానే మన కనెక్షన్‌నే తెంచేస్తుంది. మేనేజర్ కాన్ఫిగ్‌లో రైట్‌టైమౌట్ అనే ఆ గడువు 100 మిల్లీసెకన్లు. అది 5000కు పెంచితే లక్షణం దాగుతుంది, జబ్బు పోదు. రెండూ చేయాలి: గడువు కొంత పెంచాలి, హ్యాండ్లర్‌లో ఏ ఎదురుచూపూ లేకుండా చూడాలి.

చదివే టాస్క్ చేసే పని ఇంతే: సందేశం తీసుకోవడం, పార్స్ చేయడం, యాక్షన్‌ఐడీ ఉంటే ఫ్యూచర్‌కు, ఛానెల్ ఐడీ ఉంటే ఆ కాల్ క్యూలోకి ఆగకుండా వేయడం. డేటాబేస్‌కు రాయడం వేరే టాస్క్, వేరే క్యూ. అసింక్ఐఓ డీబగ్ మోడ్ 100 మిల్లీసెకన్లు దాటిన ప్రతి కాల్‌బ్యాక్‌ను లాగ్‌లో చూపిస్తుంది. లైవ్‌కు వెళ్లేముందు ఒక పూర్తి రోజు పట్టికను టెస్టు సర్వర్ మీద ఆ మోడ్‌లోనే నడపాలి.

కనెక్షన్ తెగినప్పుడు

20 సెకన్లకోసారి పింగ్, 5 సెకన్లలో పాంగ్ రాకపోతే కనెక్షన్ చచ్చినట్టే లెక్క. అప్పుడు ఆజ్ఞల పట్టికలో ఉన్న ఫ్యూచర్లన్నీ ఎర్రర్‌తో ముగించాలి. కాల్స్ పట్టికను మాత్రం ముట్టుకోకూడదు. మన తీగ తెగినంత మాత్రాన పేషెంటు ఫోన్ తెగలేదు, డయల్‌ప్లాన్ అవతల తన పని తాను చేస్తూనే ఉంది.

మళ్లీ కలిశాక, ఫుల్లీబూటెడ్ వచ్చాక, కొత్త కాల్స్‌కు ముందు కోర్‌షోఛానెల్స్ ఆజ్ఞ. ఛానెల్‌కు ఒక ఈవెంట్ చొప్పున వచ్చి, చివర కంప్లీట్ ఈవెంట్ వస్తుంది. ఈ ఆజ్ఞకు కావాల్సినది రిపోర్టింగ్ లేదా సిస్టమ్ హక్కు. మేనేజర్ కాన్ఫిగ్‌లో రాసే హక్కుల్లో రిపోర్టింగ్ ఉండాల్సింది ఇందుకే. ఆ జాబితాలో మన గుర్తింపు ఉన్న కాల్ ఇంకా నడుస్తోంది, దాని సెమాఫోర్ అలాగే ఉంచాలి. జాబితాలో లేనిది మన చూపు లేనప్పుడు ముగిసింది. దాన్ని తెలియదు అన్న స్థితిలో పెట్టి, పేషెంటు ఏ అంకె నొక్కాడన్నది డేటాబేస్‌లో చూడాలి, ఎందుకంటే ఆ సమాచారం ఏఎంఐ మీదుగా కాక ఫాస్ట్ఏజీఐ మీదుగా వస్తుంది. అక్కడా ఏమీ లేకపోతేనే మళ్లీ ప్రయత్నం.

ఇదే సరిచూపు ప్రతి 60 సెకన్లకూ నడుస్తుంది. కనెక్షన్ బాగున్నా ఏదో ఒక హ్యాంగప్ తప్పిపోతే, ఆ ఒక్క సెమాఫోర్ రోజంతా మూతపడి ఉంటుంది. వారానికి రెండు మూడు అలా పోతే నెలాఖరుకు కాల్స్ ఎందుకు నెమ్మదించాయో ఎవరికీ అర్థం కాదు.

మాట్లాడే భాగం

కాల్ ఎత్తగానే డయల్‌ప్లాన్ ఫాస్ట్ఏజీఐ ద్వారా 4573 పోర్టులో ఉన్న మన అసింక్ సర్వర్‌కు కలుపుతుంది. ఒక్కో కాల్‌కు ఒక్కో టీసీపీ కనెక్షన్. ఏజీఐ పేరుతో మొదలయ్యే వరుసలు కొన్ని, ఖాళీ వరుస, ఆ తర్వాత మనం ఒక ఆజ్ఞ, అవతలినుంచి ఒక జవాబు.

ఇక్కడ అంకె గందరగోళం ఒకటుంది. స్ట్రీమ్ ఫైల్, వెయిట్ ఫర్ డిజిట్ ఆజ్ఞలకు వచ్చే ఫలితం నొక్కిన అంకె కాదు, దాని ఆస్కీ కోడు. 1 నొక్కితే 49, 2 నొక్కితే 50. ఏమీ నొక్కకపోతే 0, లైన్ పోతే మైనస్ 1. గెట్ డేటాకు మాత్రం నొక్కిన అంకెలే ఫలితంగా వస్తాయి. ఒక చోట రాసిన పోలికను ఇంకో చోటికి కాపీ చేస్తే, వస్తామని 1 నొక్కినవాళ్లంతా ఏమీ నొక్కనట్టు పట్టికలో చేరతారు.

రెండోది ఇంకా మెత్తటి తప్పు. పేషెంటు మధ్యలో పెట్టేస్తే ఆస్టరిస్క్ సాకెట్ మీద హ్యాంగప్ అనే ఒక్క మాట వరుసగా పంపుతుంది. అది ఏ ఆజ్ఞకూ జవాబు కాదు. ఆజ్ఞ రాసి వరుస చదువు అన్న సాదా కోడ్ దాన్నే జవాబుగా తీసుకుంటుంది. అక్కడినుంచి ప్రతి జవాబూ ఒక ఆజ్ఞ వెనకబడుతుంది. చదివే ఫంక్షన్ ఆ వరుసను గుర్తుపట్టి, లైన్ పోయిందని గుర్తు పెట్టుకుని, తర్వాతి వరుస చదవాలి. ఆ తర్వాత పంపే ఆజ్ఞలకు 511 జవాబు వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, చచ్చిన ఛానెల్ మీద ఆ పని కుదరదని దానర్థం.

మన సర్వర్ అసలు పలకకపోతే ఏజీఐస్టేటస్ వేరియబుల్‌లో ఫెయిల్యూర్ వస్తుంది. డయల్‌ప్లాన్ అప్పుడు సాధారణ సందేశం ఒకటి వినిపించి పెట్టేస్తుంది. ఆ మూడు వరుసలు రాయడానికి బద్ధకించకూడదు.

ఆడియో ఫైళ్లు 8000 హెర్ట్జ్, మోనో, ఏ-లా. ఈ1 మీద నడిచేది ఏ-లాయే కాబట్టి మార్పిడి భారం ఉండదు. టైమ్ చెప్పడానికి తొమ్మిది, గంటలకు, ముప్ఫై అని ముక్కలు అతికిస్తే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటులా ఉంటుంది. అపాయింట్‌మెంట్లు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా అరగంటకొకటి. మొత్తం 17 సమయాలు. తొమ్మిదింటికి, తొమ్మిదిన్నరకు, పదింటికి అంటూ 17 పూర్తి పలుకుబళ్లు రికార్డు చేస్తే సరిపోయింది. ఏ విభాగమో, ఏ డాక్టరో చెప్పరు. ఫోన్ ఎత్తేది ఇంట్లో ఎవరైనా కావచ్చు.

3 నొక్కితే కాల్ రిసెప్షన్ క్యూలోకి పోతుంది. డయల్‌ప్లాన్‌లో కాల్‌కు 150 సెకన్ల గరిష్ఠ గడువు, లైబ్రరీలో 180 సెకన్ల పహారా పెట్టి ఉన్నాయి. క్యూలోకి పంపేముందు ఆ రెండూ ఎత్తేయాలి. లేకపోతే రిసెప్షనిస్టు మాట్లాడుతుండగానే లైన్ కట్ అవుతుంది. డయల్‌ప్లాన్ గడువును 0 చేయడం అందరికీ గుర్తుంటుంది, లైబ్రరీ పహారా గుర్తుండదు.

కోడ్ ఏం చెప్పింది, ఏం చేయాలి

ఆరిజినేట్‌రెస్పాన్స్‌లోని రీజన్ మోటుగా ఉంటుంది: 4 అంటే ఎత్తారు, 5 బిజీ, 8 కంజెషన్, 0 అంటే రకరకాలు. నిర్ణయానికి హ్యాంగప్‌లోని క్యూ.850 కాజ్ (కాల్ ఎందుకు ముగిసిందో చెప్పే సంఖ్య) చూడాలి. 17 బిజీ, 10 నిమిషాలాగి మళ్లీ. 18, 19 ఎత్తలేదు, 40 నిమిషాలకు. 21 కట్ చేశారు, ఇక ఆ రోజు చేయొద్దు. 1, 28 నంబరే తప్పు, మళ్లీ చేయకుండా రిసెప్షన్ జాబితాలోకి. 34, 42, 44 లైన్ తప్పే కానీ పేషెంటు తప్పు కాదు, ప్రయత్నం కింద లెక్కించకుండా ఒక నిమిషం ఆగి, గేటును తాత్కాలికంగా 12కు తగ్గించాలి.

చిక్కు 16తో. మామూలుగా ముగిసిందని దానర్థం. స్విచ్ఛాఫ్ అయిన ఫోన్‌కు చేస్తే నెట్‌వర్క్ ముందు ప్రకటన వినిపించి, తర్వాత తీగ వదులుతుంది. కొన్ని దారుల్లో ఆ వదలడం కూడా 16గానే వస్తుంది. ఎత్తిన కబురు లేని 16ను ఎత్తలేదనే లెక్కించాలి. కాలర్ ట్యూన్ కూడా ఎత్తకముందు వచ్చే ధ్వనే. పీఆర్ఐలో ఎత్తిన సంకేతం విడిగా వస్తుంది కాబట్టి మోసపోం. అదే అనలాగ్ ఎఫ్ఎక్స్ఓ లైన్లయితే డయల్ చేయగానే ఎత్తినట్టు చూపిస్తాయి. ఆ లైన్ల మీద ఈ డిజైన్ పనికిరాదు.

నంబర్ల విషయంలో: పీఆర్ఐ ల్యాండ్‌లైన్ కిందికి వస్తుంది, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు ముందు 0 కొట్టాల్సిందే. పట్టికలో నంబర్లు ప్లస్ 91తో, 0తో, ఖాళీలతో రకరకాలుగా ఉంటాయి. చివరి 10 అంకెలు తీసుకుని, మొదటిది 6 నుంచి 9 మధ్య ఉందని చూసి, ముందు 0 చేర్చాలి. కాలర్ ఐడీగా మనకు కేటాయించిన నంబర్లలో ఒకటే పెట్టాలి, వేరేది పెడితే ఎక్స్ఛేంజి దాన్ని పక్కనపెట్టి పైలట్ నంబరే పంపడం మామూలు. ప్రచార కాల్స్‌కు 140, సర్వీసు కాల్స్‌కు 160 సిరీస్ ఉన్న రోజులివి. రిమైండర్‌లో హెల్త్ ప్యాకేజీ డిస్కౌంట్ ఒక్క వాక్యం చేర్చినా అది సర్వీసు కాల్ కాకుండా పోతుంది. మార్కెటింగ్ వాళ్లు అడుగుతారు. ఒప్పుకోకూడదు.

టెస్టు, ఆపడం

అసలు లైన్ మీద టెస్టు చేయాల్సింది కొంచెమే. డయల్‌ప్లాన్‌లో టెస్టు కాంటెక్స్టు పెట్టి, లోకల్ ఛానెళ్లతో బిజీ, కంజెషన్, ఎత్తని నంబరు, ఎత్తి రెండో సెకనులో పెట్టేసే నంబరు తయారుచేయొచ్చు. లోకల్ ఛానెల్‌కు రెండు సగాలుంటాయి, రెండింటికీ హ్యాంగప్ వస్తుంది. అందుకని అదర్‌ఛానెల్‌ఐడీ కూడా ఇచ్చి రెండో సగాన్ని పట్టించుకోకుండా వదలాలి. ఎక్కువ మేలు చేసింది మాత్రం నకిలీ ఏఎంఐ సర్వర్: నిజమైన సెషన్ల పాఠాన్ని రికార్డు చేసి, ఈవెంట్ల వరుస తారుమారు చేసి, మధ్యమధ్య కనెక్షన్ తెంచి వినిపించే చిన్న ప్రోగ్రాం. ప్రతిసారీ చూడాల్సింది రెండే: చివరికి సెమాఫోర్ 20కి తిరిగొచ్చిందా, ఏ అపాయింట్‌మెంటుకైనా రెండు కాల్స్ ఎత్తించామా.

ప్రోగ్రాంను ఆపేటప్పుడు టెర్మ్ సిగ్నల్ రాగానే కొత్త ఆరిజినేట్లు ఆపి, నడుస్తున్న కాల్స్ ముగిసేదాకా ఆగాలి. ఫాస్ట్ఏజీఐ సర్వర్‌ను ఆఖరున మూయాలి. ముందు మూస్తే వింటున్నవాళ్లు నొక్కిన అంకె ఎక్కడా చేరదు. లినక్స్‌లో ప్రోగ్రాంలను నడిపే సిస్టమ్‌డీ డిఫాల్ట్‌గా 90 సెకన్లే ఓపిక పట్టి చంపేస్తుంది. యూనిట్ ఫైల్లో టైమౌట్‌స్టాప్‌సెక్‌ను 200 చేయాలి. క్యూలో రిసెప్షన్‌తో మాట్లాడుతున్న కాల్స్ కోసం మాత్రం ఆగనక్కర్లేదు. అవి అప్పటికే పూర్తిగా డయల్‌ప్లాన్ చేతిలో ఉన్నాయి, లైబ్రరీ వెళ్లిపోయినా అవి తెగవు. ప్రోగ్రాం తిరిగి లేచినప్పుడు కోర్‌షోఛానెల్స్ వాటిని లెక్కలోకి తెస్తుంది.